పేరుంది, ఊరు లేదు

ఫైలు కళ్ళెదుటే ఉంది. పేరులో అక్షరం పొల్లుపోలేదు. అయినా ప్రోగ్రాం మాత్రం 'అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు' అంటూ మొండికేస్తోంది. ఓ ఆదివారం పొద్దున్నే మా మాస్టారు ఫోన్ చేసి చెప్పుకున్న గోడు ఇది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తెలుగు చెప్పిన మనిషి. రిటైరయ్యాక పాత పుస్తకాలు స్కాన్ చేసి, ఆ బొమ్మల్లోంచి అక్షరాలు రాబట్టే పని పెట్టుకున్నారు. అందుకు ఆయన వాడేది టెసరాక్ట్ అనే ప్రోగ్రాం. 1980ల్లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో పుట్టి, 2005లో సోర్సుతో సహా అందరికీ విడుదలైంది. తెలుగు లిపిని కూడా చదువుతుంది. తన లినక్స్‌తో వచ్చిన టెసరాక్ట్ పాతబడిందని దాన్ని తీసేసి, కొత్త సోర్సు దింపుకుని, మాస్టారు స్వయంగా కంపైల్ చేసుకున్నారు. తప్పులేమీ రాలేదు. ఇన్‌స్టాల్ కూడా అయింది. నడపబోతే 'లిబ్‌టెసరాక్ట్.ఎస్‌ఓ.5' దొరకలేదంది. ఆ ఫైలేమో /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ అనే ఫోల్డర్లో నిక్షేపంగా ఉంది.

"నా కళ్ళకు కనబడేది దానికెందుకు కనబడదోయ్?" అన్నారాయన.

దానికి కళ్ళు లేవు. దాని చేతిలో ఉన్నదల్లా ఓ చీటీ. చీటీలో పేరుంటుంది, ఊరుండదు. 'సుబ్బారావుగారిని పిలుచుకురా' అని ఊరికి కొత్తయిన కుర్రాణ్ణి పంపామనుకోండి. ముందు ఎక్కడ అడగాలో, తర్వాత ఎక్కడ అడగాలో మనమే చెప్పి పంపాలి. చెప్పిన నాలుగిళ్ళలోనూ అడిగి, వెనక్కొచ్చి 'లేరండీ' అంటాడు. ఐదో ఇంటి అరుగు మీద సుబ్బారావుగారు పేపరు చదువుకుంటూ కూర్చున్నా వాడికి అనవసరం. ఇంకో చిక్కు కూడా ఉంది. మనం చెప్పిన మొదటి ఇంట్లోనే వేరే సుబ్బారావు ఉంటే, వాడు ఆయన్నే వెంటబెట్టుకొచ్చేస్తాడు.

లినక్స్‌లో ఆ కుర్రాడి పేరు డైనమిక్ లింకర్. లోడర్ అని కూడా అంటారు. మనం ఒక ప్రోగ్రాంను నడపమన్నప్పుడు కెర్నెల్ నేరుగా ఆ ప్రోగ్రాంను మొదలుపెట్టదు. ఎగ్జిక్యూటబుల్ ఫైలు తెరిచి, అందులో ఓ మూల రాసి ఉన్న లోడర్ చిరునామా చదువుతుంది. మామూలు 64 బిట్ల ఇంటెల్ యంత్రాల్లో అది /లిబ్64 ఫోల్డర్లో ఉండే 'ఎల్‌డీ-లినక్స్' అనే ఫైలు. కెర్నెల్ దాన్నీ మెమరీలోకి తెచ్చి, పగ్గాలు దాని చేతికిస్తుంది. అక్కణ్ణుంచి పనంతా లోడర్‌దే. ఎగ్జిక్యూటబుల్‌లో 'నాకు ఫలానా ఫలానా లైబ్రరీలు కావాలి' అని ఒక జాబితా ఉంటుంది. వాటిని ఒక్కొక్కటే వెతికి తెస్తుంది. తెచ్చిన ప్రతి లైబ్రరీలోనూ మళ్ళీ అలాంటి జాబితాయే ఉంటుంది. వాటినీ తెస్తుంది. అందరూ చేరాకే ప్రోగ్రాం అసలు పని మొదలవుతుంది. మాస్టారి టెసరాక్ట్ ఆ గడప దగ్గరే ఆగిపోయింది. అది ఒక్క అక్షరం కూడా చదవలేదు, తన సొంత కోడ్‌లో ఒక్క అడుగూ వేయలేదు.

జాబితాలో పేరుతో పాటు చిరునామా కూడా రాసేస్తే పోయేది కదా అనిపిస్తుంది. నిజానికి రాయొచ్చు. పేరులో ఎక్కడైనా స్లాష్ గుర్తు ఉందంటే లోడర్ దాన్నే చిరునామాగా తీసుకుంటుంది, వెతకడం మానేస్తుంది. కానీ అలా రాస్తే ఆ ఫోల్డర్ కదిలిన రోజున ప్రోగ్రాం చచ్చిపోతుంది. ఒకే ప్రోగ్రాంను వేలమంది వేల యంత్రాల్లో, ఎవరిష్టం వచ్చిన అమరికలో వాళ్ళు నడుపుతారు. అందుకే పేరు మాత్రం రాసి, ఊరు వదిలేశారు.

అసలీ వెతుకులాట లేని రోజులూ ఉన్నాయి. స్టాటిక్ లింకింగ్ అంటే కావలసిన లైబ్రరీ కోడంతా ఎగ్జిక్యూటబుల్‌లోనే కుట్టేయడం. ఎవరి బావి వాళ్ళ పెరట్లో తవ్వుకున్నట్టు. షేర్డ్ లైబ్రరీ ఊరుమ్మడి బావి. డిస్కు మీద ఒకే కాపీ ఉంటుంది. మెమరీలోనూ దాని కోడ్ ఒక్కసారే చోటు తీసుకుని, వాడే ప్రోగ్రాములన్నిటికీ కనబడుతుంది.

మన లిపి సంగతే చూడండి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కంప్యూటరుకు ఆరు యూనికోడ్ గుర్తుల వరుస. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఆరింటినీ కలిపి, ఒత్తుల్ని ఎక్కడ ఎంత కిందికి దించాలో ఫాంట్ నియమాలను బట్టి తేల్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. లినక్స్ డెస్క్‌టాప్‌లో అది 'లిబ్‌హార్ఫ్‌బజ్.ఎస్‌ఓ.0' అనే ఒక ఫైలు. టెక్స్ట్ ఎడిటరూ, ఫైళ్ళ కిటికీ, లిబ్రెఆఫీసూ తెలుగు చూపించాల్సి వచ్చినప్పుడల్లా ఆ బావి దగ్గరికే వస్తాయి. అందులో ఒక తప్పు దిద్దితే అన్నిచోట్లా ఒత్తులు సర్దుకుంటాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ లాంటి బ్రౌజర్లు మాత్రం తమ హార్ఫ్‌బజ్ కాపీని తామే మోసుకొస్తాయి. ఊరి బావిని నమ్మనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి.

ఈ ఆలోచన పాతదే. 1965లో ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మొదలుపెట్టిన మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ప్రోగ్రాం నడుస్తుండగా ఒక పేరు తగిలినప్పుడే దాన్ని వెతికి తగిలించేవారు. ఏ డైరెక్టరీల్లో ఏ వరుసలో వెతకాలో చెప్పే 'వెతుకులాట నియమాలు' వాడుకరి మార్చుకోగలిగేవాడు. మల్టిక్స్ నుంచి బయటికొచ్చిన బెల్ ల్యాబ్స్ వాళ్ళు యూనిక్స్ రాసేటప్పుడు ఈ హంగులన్నీ వదిలేశారు. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత, 1988లో సన్ మైక్రోసిస్టమ్స్ వారి సన్‌ఓఎస్ 4.0తో షేర్డ్ లైబ్రరీలు యూనిక్స్‌లోకి ఇప్పుడు మనం చూసే రూపంలో వచ్చాయి. లినక్స్ తొలి రోజుల్లో వీటితో నానా తంటాలు పడింది. ఒక్కో లైబ్రరీ మెమరీలో ఏ అడ్రసు దగ్గర కూర్చోవాలో ముందే పంచుకుని, ఒకరి స్థలం మీదికి ఒకరు రాకుండా జాబితా రాసుకోవలసి వచ్చేది. 1990ల నడుమ ఈఎల్‌ఎఫ్ అనే ఫైలు రూపానికి మారాక ఆ బాధ తీరింది. లైబ్రరీ మెమరీలో ఎక్కడైనా కూర్చోవచ్చు. డిస్కు మీద ఎక్కడుందో కనిపెట్టడమే మిగిలింది.

ఆ కనిపెట్టే వరుసలోనే ఉంది అసలు కథ. కుర్రాడికి దారి చెప్పే హక్కు ముగ్గురికి ఉంది. ప్రోగ్రాంను తయారుచేసినవాడు దాని లోపలే ఓ దారి రాసి పంపొచ్చు. దాన్ని ఆర్‌పాత్ అంటారు, దాని తమ్ముడు రన్‌పాత్. ప్రోగ్రాంను నడిపేవాడు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో తన దారి రాయొచ్చు. యంత్రానికి పెద్ద, అంటే సిస్టం అడ్మినిస్ట్రేటర్, మొత్తం యంత్రానికి వర్తించే జాబితా పెట్టొచ్చు. ముగ్గురూ మూడు దారులు చెబితే ఎవరి మాట ముందు? గ్నూ లోడర్ పాటించే వరుస ఇది: ముందు ఆర్‌పాత్, తర్వాత నడిపేవాడి వేరియబుల్, ఆ తర్వాత రన్‌పాత్, దాని వెనక సిస్టం జాబితా, ఇవేవీ ఫలించకపోతే చివరికి /లిబ్, /యూఎస్‌ఆర్/లిబ్ లాంటి పుట్టిల్లు. మధ్యలో ఒక మెలిక. ఫైల్లో రన్‌పాత్ ఉంటే ఆర్‌పాత్‌ను పట్టించుకోరు.

ఒకే పనికి అన్నదమ్ములిద్దరు ఎందుకు? మొదట ఉన్నది ఆర్‌పాతే. అది అన్నిటికంటే ముందుండటంతో, తయారుచేసినవాడి మాటే శాసనమైపోయింది. అతను తన ఆఫీసు యంత్రంలో ఉన్న ఏదో ఫోల్డర్ పేరు రాసేసి చేతులు దులుపుకుంటే, నడిపేవాడు దాన్ని దాటలేడు. ఒక లైబ్రరీలో తప్పు దిద్ది, దిద్దిన కాపీతో ఒకసారి నడిపి చూద్దామన్నా వీలు కాదు. అందుకని వేరియబుల్ తర్వాత వచ్చేలా రన్‌పాత్ పుట్టింది, ఆర్‌పాత్ పాతబడిందని ప్రకటించారు. ఇప్పుడు చాలా లినక్స్ పంపిణీల్లో మీరు దారి రాయమని లింకర్‌ను అడిగితే అది రాసేది రన్‌పాతే.

కానీ తమ్ముడికి అన్న గుణాలన్నీ రాలేదు. ఆర్‌పాత్ ఇంటిపెద్ద మాటలాంటిది, ఎగ్జిక్యూటబుల్‌లో ఒకసారి రాస్తే అది తెచ్చుకున్న లైబ్రరీలకూ, వాటి లైబ్రరీలకూ వర్తిస్తుంది. రన్‌పాత్ రాసినవాడికే పరిమితం. ప్రోగ్రాంకు 'క' కావాలి, 'క'కు 'చ' కావాలి, రెండూ ఒకే ఫోల్డర్లో ఉన్నాయనుకోండి. ప్రోగ్రాంలోని రన్‌పాత్ వల్ల 'క' దొరుకుతుంది. 'చ'ను వెతికే వేళకు ఆ దారి పనికిరాదు, 'క'లో కూడా అదే దారి విడిగా రాసి ఉండాలి. పక్కపక్కనే ఉన్న రెండు ఫైళ్ళలో ఒకటి దొరికి ఇంకొకటి దొరకకపోతే మనిషికి మతి పోతుంది. ఆర్‌పాత్ నుంచి రన్‌పాత్‌కు మారిన రోజుల్లో ఎన్నో ప్రాజెక్టులు సరిగ్గా ఇక్కడే బోర్లాపడ్డాయి. నన్నడిగితే ఈ మార్పు సగమే మేలు చేసింది. వరుస మార్చడం న్యాయమే, వారసత్వం తీసేయడం అనవసరం.

మాస్టారికి ఇదంతా ఫోన్లో చెబుతుంటే ఆయన మధ్యలో అడ్డొచ్చారు. "మా మేనల్లుడు బాష్‌ఆర్‌సీలో ఏదో ఒక లైను రాసెయ్యమన్నాడోయ్, ఎల్‌డీ లైబ్రరీ ఏదో. రాసేస్తే ఇక ఎప్పటికీ ఈ గొడవ ఉండదట."

ఉంటుంది. ఇంకో రూపంలో వస్తుంది.

బాష్‌ఆర్‌సీ అంటే టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైలు. అందులో రాసిన వేరియబుల్ ఆ టెర్మినల్‌లో నడిపే ప్రతి ప్రోగ్రాంకూ అంటుకుంటుంది, ఆ ప్రోగ్రాములు పుట్టించే పిల్లలకూ అంటుకుంటుంది. టెసరాక్ట్ కోసం చెప్పిన దారిలోకి ఊరందరూ వస్తారు. ఆ ఫోల్డర్లో రేపెప్పుడో ఇంకో ప్యాకేజీ తన పాత సీ++ లైబ్రరీని తెచ్చి పడేసిందనుకోండి. కొత్త సీ++ లైబ్రరీ కావలసిన ప్రోగ్రాం అక్కడ పాతదాన్ని చూసి, 'పేరు సరిపోయింది కదా' అని తెచ్చుకుని, 'నాకు కావలసిన వెర్షన్ గుర్తు ఇందులో లేదు' అని కూలబడుతుంది. అది టెసరాక్టూ కాదు, మాస్టారు ముట్టుకున్నదీ కాదు. ఆర్నెల్ల కిందట రాసిన ఒక లైను కారణమని ఎవరికి తడుతుంది? తన లైబ్రరీలు తానే మోసుకొచ్చే పెద్ద ప్రోగ్రాముల్లో ఈ జబ్బు మరీ తరచుగా చూస్తాం. ఆ ప్రోగ్రాం బాగానే నడుస్తుంది. అందులో ఏదైనా లింకు నొక్కి బ్రౌజర్ తెరవబోతే బ్రౌజర్ కుప్పకూలుతుంది. తల్లి చెప్పిన దారి బిడ్డకు పనికిరాలేదు.

అంతకంటే సన్నటి ముల్లు ఇంకొకటి ఉంది. ఫోల్డర్ల మధ్య కోలన్ గుర్తు పెట్టి వరుసగా రాస్తారు. కోలన్‌కు ఒక పక్క ఏమీ రాయకపోతే లోడర్ దాన్ని 'ప్రస్తుతం ఉన్న ఫోల్డర్' అని అర్థం చేసుకుంటుంది. చాలామంది 'కొత్త దారి, కోలన్, పాత విలువ' అని రాస్తారు. పాత విలువ అసలు లేకపోతే కోలన్ తర్వాత ఖాళీ మిగులుతుంది. ఇక ఆ ప్రోగ్రాంను ఏ ఫోల్డర్లో నిలబడి నడిపితే ఆ ఫోల్డర్లో కూడా లైబ్రరీలు వెతుకుతుంది. అందరూ రాయగలిగే ఉమ్మడి ఫోల్డర్లో నిలబడి నడిపితే, అక్కడ ఎవరో ముందే పెట్టి ఉంచిన దొంగ లైబ్రరీ లోపలికొచ్చేస్తుంది. 2010లో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో ఇలాంటి స్క్రిప్టులున్న ప్యాకేజీలు ఎన్నో బయటపడ్డాయి, వరుసగా దిద్దుకోవలసి వచ్చింది. ఒక్క కోలన్ చేసిన పని.

ఇక ప్రోగ్రాం రాసేవాళ్ళు పడే గుంట వేరు. ఎక్కువ కాలం వృథా చేసేది ఇదేనని నా అనుభవం. ఒక ప్రోగ్రాం నడుస్తూ ప్లగిన్లు తెచ్చుకోవాలి. ఏ ఫోల్డర్లో ఉన్నాయో దానికి నడిచేటప్పుడే తెలుస్తుంది. సరే, లోపలే 'సెట్ఎన్వ్' పిలిచి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ మార్చేసి, తర్వాత 'డీఎల్‌ఓపెన్'తో లైబ్రరీ తెరుద్దాం అనుకుంటాడు. వేరియబుల్ మారుతుంది. ముద్రించి చూస్తే కొత్త విలువే కనబడుతుంది. లైబ్రరీ మాత్రం దొరకదు. లోడర్ ఆ వేరియబుల్‌ను ప్రోగ్రాం మొదలవక ముందే ఒకసారి చదివి, తన దగ్గర నకలు రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ ఆ వైపు చూడదు. బస్సు వెళ్ళిపోయాక చెయ్యెత్తినట్టే. పైథాన్‌లో 'ఓఎస్.ఎన్విరాన్' మార్చేవాళ్ళ గతీ ఇదే. ఆ మార్పు ఇకముందు పుట్టబోయే పిల్ల ప్రోగ్రాములకు అందుతుంది, మార్చినవాడికి అందదు.

మరి నడిచే ప్రోగ్రాంకు దారి మార్చడం ఎలా? అందరికీ తెలిసినది రేపర్ స్క్రిప్టు. చిన్న షెల్ ఫైలు ఒకటి ముందుగా నడిచి, వేరియబుల్ సర్ది, అసలు ప్రోగ్రాంను పిలుస్తుంది. ఫైర్‌ఫాక్స్ కూడా ఒకప్పుడు ఇలాంటి స్క్రిప్టుతోనే లేచేది. దానికి పెద్దన్నలాంటిది, ప్రోగ్రాం తన వేరియబుల్ తానే మార్చుకుని, తనను తానే మళ్ళీ మొదటినుంచి నడుపుకోవడం. అంటే బస్సు దిగి, మళ్ళీ టికెట్ కొనుక్కుని ఎక్కడం. మోటుగా ఉన్నా పనిచేస్తుంది. అయితే 'ఒకసారి ఎక్కాను' అన్న గుర్తు పెట్టుకోకపోతే ఎక్కుతూ దిగుతూ ఉండిపోతుంది.

ప్లగిన్ పూర్తి చిరునామా తెలిసినప్పుడు డీఎల్‌ఓపెన్‌కు స్లాష్‌తో సహా ఆ చిరునామానే ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. అప్పుడు వెతుకులాటే ఉండదు. ఆ ప్లగిన్‌కు కావలసిన ఇతర లైబ్రరీల మాటేమిటి? ఇక్కడ లోడర్ అలవాటు ఒకటి కలిసొస్తుంది. ఒక పేరుగల లైబ్రరీ ఇప్పటికే మెమరీలో ఉంటే అది మళ్ళీ వెతకదు, ఉన్నదాన్నే ఇచ్చేస్తుంది. కాబట్టి కావలసినవాటిని పూర్తి చిరునామాలతో ముందే ఒక్కొక్కటిగా తెరిచి ఉంచి, చివరికి ప్లగిన్‌ను తెరిస్తే, చుట్టాలందరూ పందిట్లో ముందే కూర్చుని ఉంటారు. కొన్ని పెద్ద పైథాన్ ప్యాకేజీలు గ్రాఫిక్స్ కార్డు లైబ్రరీలను తెచ్చుకునేది ఇలాగే.

అంతగా ప్రచారంలో లేని దారి ఇంకొకటి. లోడర్ కూడా ఒక ఫైలే కనుక దాన్ని నేరుగా నడపొచ్చు. 'ఈ దారిలో వెతికి, ఈ ప్రోగ్రాంను నడుపు' అని '--లైబ్రరీ-పాత్' అనే మాటతో చెప్పొచ్చు. ఆ దారి వేరియబుల్‌లోకి ఎక్కదు, పిల్లలకు అంటదు. ఒకే ఇబ్బంది, ప్రోగ్రాం 'నేనెవరు' అని కెర్నెల్‌ను అడిగితే దాని పేరుకు బదులు లోడర్ పేరు జవాబుగా వస్తుంది. తన ఉనికిని బట్టి పనిచేసే ప్రోగ్రాములు అక్కడ తికమక పడతాయి.

ఉనికి అన్నాను కనుక $ఆరిజిన్ గురించి చెప్పాలి. ఆర్‌పాత్‌లోగానీ రన్‌పాత్‌లోగానీ ఈ మాట రాస్తే లోడర్ దాన్ని 'ఈ ఫైలు ఉన్న ఫోల్డర్' అని చదువుకుంటుంది. '$ఆరిజిన్/../లిబ్' అంటే 'నేనున్న చోటు నుంచి ఒక మెట్టు పైకెక్కి, పక్కనున్న లిబ్ గదిలో చూడు' అని. ఊరి పేరు చెప్పకుండా 'మా ఇంటి వెనక సందులో' అనడం లాంటిది. ఇల్లు ఏ ఊరికి మారినా ఆ మాట చెల్లుతుంది. ప్రోగ్రాంనూ దాని లైబ్రరీలనూ ఒక ఫోల్డర్లో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఎవరికైనా ఇవ్వొచ్చు. ఇంత చక్కటి ఏర్పాటును రాయబోయేవాడు మొదటిసారి తప్పకుండా ఓడిపోతాడు, డాలర్ గుర్తు వల్ల. షెల్ దాన్ని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది, మేక్‌ఫైలు మరో విధంగా మింగేస్తుంది. మేక్‌ఫైల్లో రెండు డాలర్లు రాసి, చుట్టూ ఒంటి కోట్‌లు పెడితే గానీ ఒక్క డాలర్ బతికి ఫైల్లోకి చేరదు.

తయారైపోయిన ఫైల్లో దారి మార్చాల్సి వస్తే? సీహెచ్ఆర్‌పాత్ అనే పాత పనిముట్టు ఉంది. ఉన్న దారి ఎంత పొడవో అంతకు మించకుండా కొత్తది రాయగలదు, పాత బోర్డు మీదే కొత్త పేరు పట్టించినట్టు. ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టు ఫైలు లోపలి అమరికనే సర్ది ఎంత పొడుగు దారైనా రాస్తుంది. అది నిక్స్‌ఓఎస్ ప్రాజెక్టులో పుట్టింది, పుట్టక తప్పదు కూడా. ఎందుకంటే నిక్స్ ఊరుమ్మడి ఫోల్డర్ అనే భావననే ఒప్పుకోదు. ఈల్కో డోల్‌స్ట్రా 2006లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నిండా ఉన్నది ఈ పట్టుదలే. అక్కడ ప్రతి లైబ్రరీ తన పేరుకు ముందు ఒక పొడుగాటి సంకేతం తగిలించుకుని తన సొంత ఫోల్డర్లో ఉంటుంది. ప్రతి ప్రోగ్రాం రన్‌పాత్‌లో తనకు కావలసిన సరిగ్గా ఆ ఫోల్డర్లే రాసి ఉంటాయి. ఒకే లైబ్రరీ నాలుగు వెర్షన్లు ఒకే యంత్రంలో పోట్లాట లేకుండా ఉంటాయి. బయట తయారైన ఎగ్జిక్యూటబుల్ తెచ్చి అక్కడ నడిపితే మాత్రం లైబ్రరీల దాకా వెళ్ళనే వెళ్ళదు. అది నమ్ముకున్న చిరునామాలో దానికి కావలసిన లోడరే ఉండదు.

ఇదంతా లినక్స్ సంగతి. విండోస్‌లో ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే దాదాపు అన్నిటికంటే ముందు, ఆర్‌పాత్ లాంటిదేమీ లేదు. మ్యాక్‌లో ప్రతి లైబ్రరీ తన చిరునామా తానే చెప్పుకుంటుంది, ఆర్‌పాత్ కూడా ఉంది. కానీ 2015 నుంచి ఆపిల్, సిస్టం ప్రోగ్రాముల దగ్గరికి దారి మార్చే వేరియబుల్స్‌ను చేరనివ్వడం లేదు. ఆ జాగ్రత్త వెనక కారణం అన్ని సిస్టంలకూ ఒకటే.

దారి చెప్పేవాడి చేతిలో ప్రోగ్రాం ప్రాణం ఉంటుంది. 'పాస్‌డబ్ల్యూడీ', 'ఎస్‌యూ' లాంటి కొన్ని ఆదేశాలు ఎవరు నడిపినా రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద సర్వాధికారంతో, నడుస్తాయి. వాటిని సెట్‌యూఐడీ ప్రోగ్రాములంటారు. మామూలు వాడుకరి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో తన ఫోల్డర్ రాసి, అందులో దాదాపు ప్రతి ప్రోగ్రాం తెచ్చుకునే సీ లైబ్రరీ పేరుతో తాను వండిన 'లిబ్‌సీ.ఎస్‌ఓ.6' పెట్టి, 'ఎస్‌యూ' నడిపితే? ఆ కోడ్ రూట్ అధికారంతో నడిచేది. అందుకే అలాంటి ప్రోగ్రాం మొదలైనప్పుడు కెర్నెల్ లోడర్‌కు ఒక హెచ్చరిక జెండా ఎత్తి చూపుతుంది. లోడర్ వాడుకరి చెప్పిన దారిని వినిపించుకోదు.

కానీ కుర్రాణ్ణి మాటల్లో పెట్టేవాళ్ళు ఊరుకుంటారా? 2010 అక్టోబరులో టావిస్ ఓర్మాండీ అనే భద్రతా పరిశోధకుడు ఒక సందు చూపించాడు. లోడర్‌కు సంబంధించిన మరో వేరియబుల్‌లో $ఆరిజిన్ రాస్తే, సెట్‌యూఐడీ ప్రోగ్రాం విషయంలో కూడా లోడర్ దాన్ని విప్పి చదువుతోంది. దాడి చేసేవాడు ఆ ప్రోగ్రాంకు తన ఫోల్డర్లో ఒక హార్డ్‌లింక్, అంటే అదే ఫైలుకు మరో పేరు, పెట్టుకుంటే 'నేనున్న ఇల్లు' అన్న మాటకు దొంగ ఇంటి చిరునామా వచ్చేస్తుంది. 2023 అక్టోబరు 3న క్వాలిస్ సంస్థ బయటపెట్టిన లోపం ఇంకా విడ్డూరం. లోడర్ చదివే మరో సెట్టింగులో మెమరీ హద్దు దాటి రాయొచ్చని కనిపెట్టి, ఆ దాటడంతో ఆర్‌పాత్ ఎక్కడుందో చెప్పే గుర్తును తిప్పేశారు. తిరిగిన గుర్తు వెళ్ళి వాలిన చోట ఉన్నది ఒకే ఒక్క ఉద్ధరణ చిహ్నం. ఆ చిహ్నమే పేరుగా ఒక ఫోల్డర్ సృష్టించి, అందులో దొంగ లిబ్‌సీ పెట్టి, రూట్ అధికారం చేజిక్కించుకున్నారు. ఆర్‌పాత్ లేని ప్రోగ్రాంకు ఆర్‌పాత్ పుట్టించడమన్నమాట. తప్పు కోడ్‌లోకి చేరింది 2021లో. రెండేళ్ళకు పైగా ఎవరి కంటా పడలేదు.

దారి సరిగ్గా ఉన్నా బావిలోనే విషం కలిస్తే ఎలా ఉంటుందో 2024 మార్చిలో చూశాం. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు అర సెకను ఆలస్యమవుతున్నాయని అనుమానపడిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ వెళ్తే, ఫైళ్ళు కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో ఎవరో పనిగట్టుకుని పెట్టిన దొడ్డిదారి బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో నేరుగా పనే లేదు. కొన్ని పంపిణీలు దానికి సిస్టమ్‌డీ లైబ్రరీని తగిలించాయి, సిస్టమ్‌డీ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ కావాలి. కుర్రాడు జాబితాలో ఉన్నవాళ్ళందర్నీ తన అలవాటు ప్రకారమే పిలుచుకొచ్చాడు.

మాస్టారి దగ్గరికి తిరిగొస్తే, ఆయన అప్పటికే 'ఎల్‌డీడీ' అనే ఆదేశం నడిపి, లిబ్‌టెసరాక్ట్ ఎదురుగా 'దొరకలేదు' అని ఉండటం చూశారు. తాను కంపైల్ చేసుకున్నదే కనుక ఫరవాలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని ఫైలు మీద మాత్రం ఎల్‌డీడీ వాడకూడదు. కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైల్లోని కోడ్‌నే నడిపేస్తుంది. 'రీడ్ఎల్ఫ్' అయితే ఫైలును చదువుతుందే తప్ప నడపదు. ఈసారి ఎల్‌డీ_డీబగ్ అనే వేరియబుల్‌కు 'లిబ్స్' అని విలువ ఇచ్చి టెసరాక్ట్ నడపమన్నాను. కుర్రాడు ఏ గుమ్మం ఎక్కాడో, ఏ గుమ్మం దిగాడో లైను లైనూ తెర మీద పడుతుంది. మాస్టారు పైకి చదవడం మొదలుపెట్టారు. ముందు క్యాష్‌లో చూశాడు, లేదు. తర్వాత సిస్టం ఫోల్డర్లు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. లేదు.

"/యూఎస్‌ఆర్/లోకల్ పేరే ఎత్తలేదేమిటోయ్ వీడు?"

ఎత్తడు. ఆయన యంత్రంలో ఉన్నది ఉబుంటు. అందులో ఆ ఫోల్డర్ పేరు అడ్మినిస్ట్రేటర్ జాబితాలో ముందే రాసి ఉంటుంది. కానీ లోడర్ ఆ జాబితా చదవదు. ప్రతి ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ ఫోల్డర్లన్నీ గాలించడం దండగని, జాబితాలోని ఫోల్డర్లన్నీ ఒకసారి తిరిగి, ఏ పేరు ఎక్కడుందో ఒక క్యాష్ ఫైల్లో రాసిపెట్టే ఏర్పాటు ఉంది. ఆ పని చేసేది ఎల్‌డీకాన్ఫిగ్. ప్యాకేజీగా వచ్చే లైబ్రరీలు ఇన్‌స్టాల్ అవుతూనే దాన్ని నడిపిస్తాయి. మాస్టారు చేత్తో చేసిన ఇన్‌స్టాల్‌లో ఆ మెట్టు జారిపోయింది. కొత్త కాపురం పెట్టారు గానీ ఓటర్ల జాబితాలో పేరెక్కలేదు. ఫెడోరా కుటుంబం వాడేవాళ్ళయితే ఆ ఫోల్డర్ పేరును కూడా జాబితాలో తామే చేర్చుకోవాలి.

'సుడో ఎల్‌డీకాన్ఫిగ్' అని కొట్టమన్నాను. కొట్టారు. తెర మీద ఏమీ పడలేదు. యూనిక్స్‌లో అది శుభవార్త. మళ్ళీ టెసరాక్ట్ నడిపారు. కుర్రాడు క్యాష్ తెరిచాడు, పేరు దొరికింది, నేరుగా ఆ ఇంటికే వెళ్ళాడు. మేనల్లుడు చెప్పిన లైను రాయాల్సిన పని పడలేదు. స్కాన్ చేసిన మొదటి పేజీ అక్షరాలుగా మారడం మొదలైంది. ఫోన్లోనే చదివి వినిపించారు. మొదటి వాక్యంలోనే రెండు ఒత్తులు ఎగిరిపోయాయి.

"ఇది కూడా ఆ దారుల గొడవేనా?" అన్నారు మాస్టారు.

కాదండీ, అది అచ్చు పాతది కావడం వల్ల, అన్నాను.